ఊరి జనాభా లెక్కల పుస్తకాల్లోంచి మీ ఇంటి చరిత్ర తీయడం ఎలా?

"మా తాతగారి పేరు 1951 సెన్సస్‌లో ఎక్కడ వెతకాలి?" వంశవృక్షం రాసుకుంటున్న వాళ్ళలో దాదాపు అందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబు ముందే చెప్పేస్తాను: పేరు దొరకదు. అమెరికాలో 72 ఏళ్ళకి, ఇంగ్లండులో 100 ఏళ్ళకి ఇంటింటి సెన్సస్ కాగితాలు జనానికి తెరుస్తారు కాబట్టి, అక్కడి వీడియోలు చూసి మన దగ్గరా అలాగే ఉంటుందనుకుంటాం. మన దగ్గర 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటర్ (ఇంటింటికీ వచ్చి లెక్క రాసుకునే మనిషి) రాసుకున్న వివరాలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరావు. కాబట్టి ఆర్టీఐ పెట్టి నెలలు పోగొట్టుకోకండి.

కానీ ఇక్కడితో ఆగిపోతే చాలా నష్టం. పేర్లు లేకపోయినా ఊరి స్థాయిలో అచ్చయిన సెన్సస్ పుస్తకాలు మనకి బోలెడు ఉన్నాయి, వాటిని తెరిచి చూసేవాళ్ళే తక్కువ. మీ ముత్తాత బతికిన ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎంతమందికి చదువొచ్చు, ఎంతమంది సొంత భూమి దున్నారు, ఎంతమంది కౌలుకి చేశారు, ఏ దేవుడికి ఏ నెలలో తిరునాళ్ళు జరిగేవి అన్నీ వాటిలో ఉన్నాయి. ఇంట్లో చెప్పుకునే కథ నిలబడుతుందో లేదో తేల్చడానికి వీటిని మించినవి నాకు తెలియవు.

ముందుగా కావలసినవి

- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకుంటే తర్వాత దొరకదు, నా మాట వినండి.
- ఇంట్లో పెద్దవాళ్ళతో రెండు మూడు గంటలు. ఫోన్‌లో కాదు, పక్కన కూర్చుని.
- ఊరి పాత కాగితం ఏదైనా ఒకటి: దస్తావేజు, పన్ను రసీదు, పెళ్ళి శుభలేఖ. తాలూకా పేరున్నదైతే ఇంకా మంచిది.
- ఇంటర్నెట్, పెద్ద పీడీఎఫ్‌లు తెరుచుకునే కంప్యూటర్. ఫోన్ తెర మీద ఈ పట్టికలు చదివితే వరస తప్పడం ఖాయం.
- ఒక స్కేలు. ఎందుకో 4వ మెట్టులో చెబుతాను.

1. ఇంట్లో విన్న కథని ప్రశ్నలుగా మార్చండి

"మాది పెద్ద కమతం", "కరువులో అక్కడి నుంచి వచ్చేశాం", "ఊళ్ళో మనమే మొదట చదువుకున్నాం". ఇలాంటి మాటలు ఒక్కో వరసలో రాసి, పక్కన ఎవరు చెప్పారో, వాళ్ళు చూసి చెప్పారా విని చెప్పారా రాయండి. తర్వాత ఒక్కోదాన్నీ లెక్కతో తేల్చగలిగే ప్రశ్నగా మార్చండి. "కరువులో వచ్చాం" అంటే ఏ కరువు? పెద్దవాళ్ళు ఇంగ్లీషు సంవత్సరం చెప్పరు, ధాత కరువు అంటారు, నందన కరువు అంటారు. ధాత అంటే 1876-77, రాయలసీమని ఊడ్చేసిన కరువు. నందన అంటే 1832-33, గుంటూరు సీమ కరువు.

జాగ్రత్త: సంవత్సరం పేరు 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. ధాత 1936లోనూ వచ్చింది, 1996లోనూ వచ్చింది. "మా నాయనమ్మ ధాతలో పుట్టింది" అంటే ఏ ధాతో ఆవిడ పిల్లల వయసుల్ని బట్టి తేల్చుకోండి.

2. మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో పట్టిక వేయండి

అందరూ తొందరపడి దాటేసే మెట్టు ఇది, ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే. సెన్సస్ పుస్తకాలు జిల్లా వారీగా, లోపల తాలూకా వారీగా ఉంటాయి. 1985లో మండలాలు వచ్చాయి, అంతకుముందు పుస్తకాల్లో మండలం పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

ఒంగోలు తాలూకానే తీసుకోండి. 1901 లెక్కల్లో అది నెల్లూరు జిల్లా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక 1911 నుంచి 1961 దాకా గుంటూరు సంపుటాల్లో ఉంటుంది. 1970లో కొత్త జిల్లా వచ్చాక (అదే తర్వాత ప్రకాశం అయింది) 1971 లెక్కలు అందులో. ఒక్క ఊరికి మూడు జిల్లాల పుస్తకాలు తిరగేయాలన్నమాట. భద్రాచలం వైపు వాళ్ళయితే 1959 దాకా తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం. ఆ ఖమ్మం జిల్లా కూడా 1953లో వరంగల్ నుంచి విడిపోయిందే. మునగాల వాళ్ళది ఇంకా చిత్రం, చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా 1959 దాకా వాళ్ళ లెక్కలు కృష్ణా జిల్లాలో ఉంటాయి. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి వచ్చింది కాబట్టి 1871, 1881 లెక్కలు బళ్ళారిలో చూడాలి. ఇక తెలంగాణలో 2016 తర్వాత, ఆంధ్రలో 2022 తర్వాత వచ్చిన జిల్లా పేర్లు ఈ పనికి అసలు పనికిరావు, వాటిని పక్కన పెట్టేయండి.

ఇంకో పెద్ద చిక్కు శివారు గ్రామాలు, అంటే పెద్ద ఊరి కింద ఉండే చిన్న పల్లెలు (వీటినే మజరాలనీ అంటారు). సెన్సస్ లెక్క రెవెన్యూ గ్రామానికి, అంటే భూమి రికార్డుల్లో ఊరుగా ఉన్నదానికి ఇస్తారు. మీది శివారో, మజరానో అయితే దాని పేరు పట్టికలో విడిగా ఉండదు, జనాభా అసలు ఊరి అంకెలో కలిసిపోయి ఉంటుంది. మా అమ్మగారి పుట్టిల్లు ఇలాంటి శివారే. రెండు రోజులు ఆ పేరు కోసం కళ్ళు కాయలు కాచేలా వెతికాను, చివరికి పాత శిస్తు రసీదు మీద పైన ఇంకో ఊరి పేరు చూశాక గానీ బుర్రకెక్కలేదు. అందుకే ముందు దస్తావేజు తీసి "ఫలానా గ్రామం, దాని శివారు ఫలానా" అన్న వరస చదవండి.

3. సరైన పుస్తకం దింపుకోండి

ఊరి స్థాయి అంకెలకి నమ్మకమైన చోటు డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్. ఇవి 1951 నుంచి మొదలయ్యాయి. 1951లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రం కింద, తెలంగాణ జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రం కింద ఉంటాయి. 1961 నుంచి అన్నీ ఆంధ్రప్రదేశ్ కిందే. సెన్సస్ శాఖ వెబ్‌సైట్‌లో డిజిటల్ లైబ్రరీ ఉంది, ఖర్చు లేదు. అక్కడ దొరక్కపోతే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ చూడండి, ఇండియన్ కల్చర్ పోర్టల్ చూడండి. అదీ లేకపోతే జిల్లా గ్రంథాలయంలో పాత రిఫరెన్స్ బీరువా తీయించండి, హైదరాబాద్ తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌కి ఒకరోజు కేటాయించండి.

వెతికేటప్పుడు బ్రిటిష్ వాళ్ళ స్పెల్లింగ్ పెట్టాలి. కడపని 'కుడ్డపా' అని, కాకినాడని 'కోకనాడా' అని, మచిలీపట్నాన్ని 'మసూలిపటం' అని చదివేలా రాసేవాళ్ళు. ఊరి పేర్లు ఇంకా ఘోరం. పీడీఎఫ్‌లో సెర్చ్ కొట్టి "లేదు" అనుకోకండి, పాత అచ్చుని యంత్రం సగం తప్పుగా చదువుతుంది. తాలూకా పేజీ తెరిచి కంటితో వరసగా చదవడమే పద్ధతి.

4. పేజీ చదవడం

స్కేలు ఇప్పుడు తీయండి. ప్రింటు తీసుకుంటే మీ ఊరి వరస కింద స్కేలు పెట్టి చదవండి, తెర మీదయినా అంతే. ఈ పట్టికలు రెండు పేజీలకి పరుచుకుని ఉంటాయి, ఎడమ పేజీలో ఊరి పేరు, కుడి పేజీలో ఉత్త క్రమసంఖ్య. ఒక్క వరస జారితే పక్క ఊరి జనం మీ ఊళ్ళోకి వచ్చేస్తారు. అంకె రాసుకున్నాక మగ, ఆడ సంఖ్యలు కూడి మొత్తంతో సరిపోయిందో లేదో అక్కడికక్కడే చూసుకోండి.

1951 పట్టికలో జీవనోపాధి ఎనిమిది తరగతులుగా ఉంటుంది. మనకి బంగారం లాంటివి మొదటి నాలుగు: ఒకటి సొంత భూమి సాగు చేసేవాళ్ళు, రెండు ఇతరుల భూమి సాగు చేసేవాళ్ళు, మూడు వ్యవసాయ కూలీలు, నాలుగు తాము సాగు చేయకుండా పొలం కౌలుకిచ్చి ఆ రాబడితో బతికే భూస్వాములు. మిగతావి వరసగా ఉత్పత్తి పనులు, వ్యాపారం, రవాణా, ఇతర సేవలు. "మాది దున్నని ఇల్లు, కౌలుకిచ్చి తిన్నవాళ్ళం" అని మీ ఇంట్లో చెప్పుకుంటారనుకోండి, నాలుగో తరగతి గడి చూడండి. అక్కడ 11 మంది ఉన్నారంటే అది రెండు మూడు కుటుంబాలు, అందులో మీవాళ్ళు ఉండొచ్చు. సున్నా ఉంటే ఆ కథ 1951 నాటికి నిజం కాదు, అంతకుముందు తరానిదో, ఇంకో ఊరిదో అయి ఉండాలి.

1961 పట్టికలో ఇవి మారిపోయాయి. పనిచేసేవాళ్ళని తొమ్మిది రకాలుగా చూపించారు. సాగుదారులు ఒకటి, వ్యవసాయ కూలీలు రెండు, ఇంటి పరిశ్రమ నాలుగు. చేనేత కుటుంబాల వాళ్ళు ఈ నాలుగో గడి తప్పకుండా చూడాలి.

ఇక్కడే నూటికి తొంభై మంది పొరపాటు పడతారు. 1951 తరగతుల్లో సంపాదించేవాళ్ళతో పాటు వాళ్ళ మీద ఆధారపడిన పిల్లలు, ముసలివాళ్ళు కూడా కలిసి ఉంటారు. 1961లో పనిచేసేవాళ్ళు మాత్రమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి "పదేళ్ళలో మా ఊళ్ళో రైతులు సగమైపోయారు" అని రాసేస్తే అది తప్పు చరిత్ర. పోల్చాలంటే ఒకే సంవత్సరంలో మీ ఊరిని పక్క ఊళ్ళతో పోల్చండి, లేదా 1961ని 1971తో జాగ్రత్తగా పోల్చండి (1971లో పనివాళ్ళ నిర్వచనం కొంత మారింది, కాబట్టి ముఖ్యంగా ఆడవాళ్ళ అంకెలు తగ్గినట్టు కనబడితే కంగారు పడొద్దు).

1971 హ్యాండ్‌బుక్‌లో ఊరి వసతుల పట్టిక కూడా చూడండి. తాగునీరు బావిదా చెరువుదా, బడి ఉందా, కరెంటు వచ్చిందా, సంత ఏ వారం. "మీ అమ్మమ్మ లాంతరు కింద చదివింది" అని పిల్లలకి చెప్పేటప్పుడు ఆ ఊరికి అప్పటికి కరెంటు లేదని అచ్చులో చూపించగలగడం వేరు.

ఊరి పేరు ఉండి అంకెల చోట ఖాళీగానో, బేచిరాగ్ అనో ఉంటే భయపడకండి. అది జనం లేని గ్రామం. నాగార్జునసాగర్, శ్రీశైలం ముంపులో పోయిన ఊళ్ళ వాళ్ళకి ముంపుకి ముందరి పట్టికే ఊరి చివరి ఫోటో లాంటిది, దాన్ని తప్పకుండా దాచుకోండి.

5. 1961 నాటి రెండు నిధులు వదలకండి

1961 సెన్సస్‌లో జనాన్ని లెక్కపెట్టడంతో ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ సెన్సస్ సూపరింటెండెంట్ ఎ. చంద్రశేఖర్ ఆధ్వర్యంలో జిల్లాకో సంపుటంగా జాతరలు, పండుగల పుస్తకాలు వేశారు. వాటిలో ఊరి పేరు కింద ఒక చిన్న పేరా ఉంటుంది: ఊరు ఎక్కడుంది, ఏయే కులాల వాళ్ళున్నారు, ఏ దేవత, ఉత్సవం ఏ తిథికి, ఎంతమంది వస్తారు, పూజారిది వంశపారంపర్యమా కాదా. ఆ పేరా చివర సమాచారం ఎవరిచ్చారో పేరుతో సహా ఉంటుంది, ఎక్కువగా ఊరి బడి మాస్టారో, కరణమో, పంచాయతీ మనిషో. పేర్లు లేని సెన్సస్ పుస్తకాల్లో పేర్లు కనబడే చోటు దాదాపు ఇదొక్కటే. మీ ఇంట్లో అప్పటికి టీచరో కరణమో ఉంటే వెంటనే చూడండి. నాకు తెలిసిన ఒకాయన వాళ్ళ పెదనాన్న పేరు "ఉపాధ్యాయుడు" అన్న మాటతో అక్కడ చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

రెండోది గ్రామ సర్వే మోనోగ్రాఫులు, అంటే ఒక్కో ఊరి మీద ఒక్కో పుస్తకం. ఎంచుకున్న కొన్ని ఊళ్ళకే రాశారు. ఇళ్ళ కట్టుబడి, నగలు, తిండి, అప్పులు, పెళ్ళి ఖర్చు, ఫోటోలతో సహా ఉంటాయి. మీ ఊరిది లేకపోవడానికే అవకాశం ఎక్కువ, అయినా అదే తాలూకాలో ఏదైనా ఊరిది ఉంటే చదవండి. అందులో రాసింది మీ ఊరికీ యథాతథంగా అంటగట్టకండి, "ఆ ప్రాంతంలో ఇలా ఉండేది" అని మాత్రమే రాసుకోండి.

6. 1951కి ముందు సంపుటాలు

ఇవి ఎక్కువగా తాలూకా స్థాయి లెక్కలే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871 నుంచి, నిజాం రాజ్యంలో 1881 నుంచి. 1941 యుద్ధం వల్ల కుదించిన లెక్క, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కులం వారీ వివరమైన పట్టికలకి 1931 చివరిది.

కరువు కథని తేల్చేది ఇక్కడే. కర్నూలు జిల్లా జనాభా 1871కీ 1881కీ మధ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. మీవాళ్ళు ధాత కరువులో అక్కడి నుంచి కదిలామంటే ఆ రెండు సంపుటాల్లో మీ తాలూకా అంకెలు పక్కపక్కన రాసుకోండి. తాలూకా గట్టిగా పడిపోయి ఉంటే కథకి బలం వచ్చినట్టే, రుజువైనట్టు మాత్రం కాదు. తగ్గిన వాళ్ళలో వలస వెళ్ళినవాళ్ళకంటే చనిపోయినవాళ్ళు ఎక్కువ ఉండొచ్చు. అలాగే 1911, 1921 మధ్య ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయారని వింటే 1918 ఇన్‌ఫ్లుయెంజా గుర్తుపెట్టుకోండి.

ఇంకో హెచ్చరిక: 1931 దాకా ఒకే రాత్రి లెక్క. ఆ రాత్రి ఎవరు ఎక్కడుంటే అక్కడే రాసేవాళ్ళు. ఒక ఊరి అంకె ఉన్నట్టుండి పెరిగితే ఆ పక్కన ఏదైనా పెద్ద కట్టడం పనో, జాతరో ఉందేమో చూడండి.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్ళు మరో పుస్తకం తెరవాలి. "తాత రంగం వెళ్ళాడు" అని ఇప్పటికీ చెప్పుకునే ఇళ్ళు ఎన్నో. రంగూన్ అన్నమాట. బర్మా 1937 దాకా ఇండియాలో భాగం కాబట్టి 1931, 1921 ఇండియా సెన్సస్‌లో బర్మాకి ప్రత్యేక సంపుటం ఉంది, తెలుగువాళ్ళ లెక్క అందులో విడిగా చూపించారు. దక్షిణాఫ్రికా నాటాల్‌కి 1860 నుంచి 1911 దాకా వెళ్ళిన కూలీల ఓడ జాబితాల్లో అయితే పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. ఊరి పేరు మాత్రం గుమాస్తా చెవికి విన్నట్టు రాశాడు. ఆ వంకర స్పెల్లింగ్‌ని ఆ తాలూకా సెన్సస్ ఊళ్ళ జాబితా పక్కన పెట్టి బయటికి గట్టిగా చదివితే చాలాసార్లు అసలు ఊరు తగులుతుంది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకి నేనిచ్చే మొదటి సలహా ఇదే.

7. పేర్లున్న కాగితాలతో జత చేయండి

సెన్సస్ ఊరిని చూపిస్తుంది, పేరు మాత్రం రెవెన్యూ రికార్డు నుంచే రావాలి.

ఆంధ్ర వైపు ఇనాం భూములున్న (పాలకులు మాన్యంగా ఇచ్చిన పొలాలున్న) కుటుంబాలకి 1860ల నాటి ఇనాం రిజిస్టరు నకలు అడగండి. అందులో మొదట ఇనాం పొందినవాడు, అప్పటి అనుభవదారు, వయసు, వాళ్ళ సంబంధం రాసి ఉంటుంది. ఒక్క పేజీలో మూడు తరాలు దొరికిన సందర్భాలున్నాయి. మిగతావాళ్ళకి ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, సర్వే నంబర్ల వారీగా ఊరి భూముల పాత లెక్క), పాత అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో ఏటా రాసే ఊరి లెక్క). తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ (అడంగల్ లాంటి ఊరి భూమి లెక్క), అందులో పట్టాదారు పేరూ కబ్జాలో ఉన్నవాళ్ళ పేరూ విడివిడిగా ఉంటాయి. సేత్వార్ (నిజాం కాలపు భూమి సర్వే రిజిస్టరు) లాంటి పాతవి ఉర్దూలో ఉంటే చదివించుకోవాలి, ఊహించి రాసుకోకండి.

ఈ రికార్డుల్లో సంవత్సరం ఫసలీలో (పాత రెవెన్యూ లెక్క సంవత్సరం) ఉంటుంది. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1364 అంటే 1954-55. ఒక సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది కాబట్టి ఎప్పుడూ రెండూ రాయండి.

ఇంటిపేరు ఒకటే కదా అని కలిపేయకండి. ఒకే ఇంటిపేరు ఊళ్ళో నాలుగు వేరు కుటుంబాలకి ఉండొచ్చు. ఇల్లరికం, దత్తత వచ్చిన చోట పొలం ఒక వంశంలోంచి ఇంకో వంశంలోకి వెళ్తుంది. సర్వే నంబరు పట్టుకుని ముందుకి నడవండి, పేరు మారినా నంబరు చాలాకాలం మారదు, సబ్ డివిజన్లు పెరుగుతాయంతే.

8. రాసింది సరిగ్గా ఉందా? ఇలా చూసుకోండి

మీరు రాసిన ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి: "చూశాను", "విన్నాను", "అనుకుంటున్నాను". చూశాను అన్నదానికి పుస్తకం, సంవత్సరం, పేజీ ఉండాలి. పేజీ లేకపోతే అది విన్నాను కిందికి వెళ్తుంది, మొహమాటం వద్దు.

వయసులు 40, 45, 50 ఇలా గుండ్రంగా ఉంటే ఐదేళ్ళు అటూ ఇటూ వదలండి. పాత రోజుల్లో వయసు చెప్పడం అలాగే ఉండేది. ఒకే ఊరి పేరు రెండు తాలూకాల్లో ఉంటే (కొత్తపల్లులు, రామాపురాలు ఎన్నో) చుట్టుపక్కల మూడు ఊళ్ళ పేర్లు కూడా అదే పేజీలో ఉన్నాయా చూడండి, లేకపోతే మీరు వేరే ఊరు పట్టుకున్నారు. చివరగా మీరు రాసింది ఊళ్ళో ఒక పెద్దాయనకి చదివి వినిపించండి. "అదేంట్రా, అప్పటికి ఆ చెరువు తెగిపోయింది కదా" అని ఒక్క మాట అంటారు, అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

పాత సంపుటాల్లో కులాల గురించి రాసిన మాటలు కొన్ని చాలా నీచంగా ఉంటాయి. అంకె తీసుకోండి, ఆ వర్ణనలు మీ కుటుంబ చరిత్రలోకి ఎక్కించకండి. బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, ఆస్తి వివరాలు బంధువుల గ్రూపుల్లో పెట్టేముందు వాళ్ళని అడగండి.

ఇంకొకటి మిగిలింది. 2027 జనగణనకి మీ ఇంటి వివరాలు ఇచ్చిన రోజే అవే జవాబులు, ఇంట్లో అందరి పేర్లతో, ఒక కాగితం మీద రాసి తేదీ వేసి దస్తావేజుల సంచిలో పెట్టేయండి. ఎన్యూమరేటర్‌కి ఇచ్చిన కాపీ మీ మనవలకి దొరకదు, ఈ కాగితం దొరుకుతుంది.